పదాతి దళాల రకాలు, నిర్మాణం: సెక్షన్ నుంచి బ్రిగేడ్ దాకా

జిజ్ఞాసువు:

సభ్యులందరికీ నమస్కారం. వివిధ దేశాల పదాతి దళాల నిర్మాణం గురించి కొంతకాలంగా చదువుతున్నాను. సెక్షన్, ప్లటూన్, కంపెనీ, బెటాలియన్, బ్రిగేడ్, డివిజన్ అన్న మెట్లు దాదాపు అన్ని సైన్యాల్లోనూ కనిపిస్తాయి గానీ మొదటి మెట్టు దగ్గరే లెక్కలు కలవడం లేదు. భారత సైన్యంలో సెక్షన్‌కు 10 మంది, బ్రిటిష్ సైన్యంలో 8 మంది, అమెరికన్ సైన్యంలో 9 మంది. అదే అమెరికా మెరైన్ కోర్‌లో 13 మంది. ఆయుధాలు ఇంచుమించు ఒకే తీరువి అయినప్పుడు ఈ తేడా ఎందుకు వచ్చింది?

దీనికి తోడు మరో రెండు సందేహాలున్నాయి. తేలికపాటి పదాతి, యాంత్రిక పదాతి, పారాచూట్ పదాతి, పర్వత పదాతి, మెరైన్లు అని విడివిడిగా చెబుతారు కదా, ఇవి నిజంగా వేర్వేరు నిర్మాణాలా, లేక ఒకే దళం వేర్వేరు వాహనాలు ఎక్కడమా? ఇతరుల సహాయం లేకుండా సొంతంగా యుద్ధం నడపగల స్థాయి ఏ మెట్టు దగ్గర మొదలవుతుంది? అనుభవం, అధ్యయనం ఉన్నవారు వివరంగా రాయగలరు.

వ్యూహరేఖ:

జిజ్ఞాసువు గారూ, మీ మిగతా సందేహాలకు కూడా మూలం మొదటి ప్రశ్నలోనే ఉంది కాబట్టి దాన్నే కాస్త విపులంగా తీసుకుంటాను.

ఒక బంకరు మీదికి వెళ్ళే సెక్షన్‌ను ఊహించుకోండి. ఎల్‌ఎంజీ (తేలికపాటి మెషిన్‌గన్) జట్టు ఒక పక్కన నేలకు అతుక్కుని బంకరు కన్నం మీద కాల్పులు కురిపిస్తూ ఉంటుంది. ఆ కాల్పులతో లోపలివాడు చావకపోవచ్చు, కానీ తల ఎత్తడు, కావలసింది అదే. ఈలోగా రైఫిల్ జట్టు గట్టు చాటునో కాలువ చాటునో పక్కదారిన ముందుకు పాకుతుంది. గ్రెనేడ్ విసరగల దూరానికి చేరేసరికి తమ ఎల్‌ఎంజీ తూటాలే తమకు తగిలే ప్రమాదం వస్తుంది గనుక గన్ను గురిని పక్కకు జరపాలి. కాస్త ముందుగా జరిపితే బంకరులోని వాడు తేరుకుంటాడు, కాస్త ఆలస్యమైతే సొంత జవాన్లే నేలకూలుతారు. ఆ ఆజ్ఞ ఇవ్వవలసినవాడు సెక్షన్ కమాండర్ ఒక్కడే. పేలుళ్ళ చప్పుడులో అతడి గొంతు ఎంతమందికి వినబడుతుంది, ఎంతమంది అతడి కంటికి ఆనతారు అన్నదాన్ని బట్టే సెక్షన్ పరిమాణం తేలుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఈ ప్రశ్నకు ఇంత ప్రాముఖ్యం లేదు. కంపెనీ మొత్తం ఒక వరుసగా కదిలేది. 1917, 1918 నాటికి మెషిన్‌గన్లు, ఫిరంగుల ముందు ఆ వరుసలు నిలవలేవని తేలిపోయి, చిన్న జట్లు తమంతట తాము కాలుస్తూ కదలడం నేర్చుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తమ 10 మంది జట్టును మెషిన్‌గన్ చుట్టూ కట్టారు. రైఫిళ్ళు పట్టుకున్నవారి ముఖ్యమైన పని దానికి తూటాలు మోయడం, దానికి కాపలా కాయడం. అమెరికన్ సైన్యం 12 మందిని ఒకే నాయకుడి చేతికిచ్చి యుద్ధమంతా నడిపింది. పోరాటంలో ఒక మనిషి అంతమందిని నడపలేడని అనుభవంలో తేలి, 1946లో ఫోర్ట్ బెన్నింగ్‌లో జరిగిన పదాతి సదస్సు 9 మంది చాలని సిఫారసు చేసింది.

మెరైన్లు ఇంకో దారి పట్టారు. వారు మనుషులను తగ్గించలేదు. 1944లో 13 మందిని నలుగురేసి చొప్పున మూడు ఫైర్ టీములుగా విడగొట్టి, ప్రతి టీముకు ఒక నాయకుణ్ణి పెట్టారు. దాంతో స్క్వాడ్ (సెక్షన్‌కు అమెరికన్ పేరు) నాయకుడు 12 మందితో కాక ముగ్గురితోనే మాట్లాడతాడు. నా దృష్టిలో పదాతి నిర్మాణంలో అంతకంటే తెలివైన మార్పు ఇంకొకటి రాలేదు. ఒక నాయకుడు నేరుగా ఎందరితో మాట్లాడాలన్నదే కొలత అని దానితో తేలిపోయింది. ఈనాడు బ్రిటిష్ సెక్షన్ నలుగురేసి రెండు టీములు; అమెరికన్ సైన్యపు స్క్వాడ్ నాయకుడు ఒకరు, నలుగురేసి రెండు టీములు.

రిజర్వు కంపెనీ:

వ్యూహరేఖ గారి వివరణకు ఇంకో కోణం చేర్చాలి. నడిపించగలగడం ఒకటైతే, దెబ్బ తిన్నాక మిగలగలగడం మరొకటి. 8 మంది సెక్షన్‌లో ఇద్దరు గాయపడితే, వారిని వెనక్కి చేర్చడానికి ఇంకొకరిని పంపితే, మిగిలేది ఐదుగురు. ఆ ఐదుగురితో ఒక జట్టు కాల్చి, ఒక జట్టు కదిలే పద్ధతి సాగదు. 10 మంది ఉంటే అదే నష్టం తర్వాత ఏడుగురు మిగులుతారు, పద్ధతి కుంటుతూనైనా నడుస్తుంది. సెలవులు, అనారోగ్యం, శిక్షణ కోర్సులు అన్నీ పోగా ఏ సైన్యంలోనూ సెక్షన్ కాగితం మీది సంఖ్యతో యుద్ధానికి వెళ్ళదన్న సంగతి ఇక్కడ మరువకూడదు.

భారత పదాతి నిర్మాణం సంగతి అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. సెక్షన్‌కు హవల్దార్ కమాండర్, అతడి కింద నాయక్. మూడు సెక్షన్లు ఒక ప్లటూన్. దాన్ని నడిపేది సాధారణంగా సుబేదార్ లేదా నాయబ్ సుబేదార్ స్థాయి జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్), కొన్నిచోట్ల యువ లెఫ్టినెంట్. మూడు ప్లటూన్లు ఒక కంపెనీ, దానికి మేజర్. నాలుగు రైఫిల్ కంపెనీలు, ఒక సపోర్ట్ కంపెనీ, పరిపాలన బాధ్యతలు చూసే మరో విభాగం కలిస్తే బెటాలియన్. దానికి కల్నల్ కమాండింగ్ ఆఫీసర్. మొత్తం బలం సుమారు 800 పైన ఉంటుంది.

ఇందులో సపోర్ట్ కంపెనీని చాలామంది పట్టించుకోరు. 81 మి.మీ. మోర్టార్లు, ట్యాంకు విధ్వంసక క్షిపణులు దాని చేతిలోనే ఉంటాయి. కమాండింగ్ ఆఫీసర్ ఎవరినీ అడగకుండా, వెనక ఉన్న ఫిరంగిదళం వంతు కోసం ఎదురుచూడకుండా తన సొంతంగా వాడుకోగల భారీ ఆయుధాలు ఇవే. అలాగే ప్రతి పదాతి బెటాలియన్‌లోనూ ఘాతక్ ప్లటూన్ ఉంటుంది. ఎంపిక చేసిన సుమారు 20 మంది జవాన్లతో, దాడికి ముందుండే దళం అది. 1999లో టైగర్ హిల్ మీద 18 గ్రెనేడియర్స్ బెటాలియన్ ఘాతక్ ప్లటూన్ నిట్టనిలువు కొండ ఎక్కి చేసిన దాడిలోనే యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమ వీర చక్ర లభించింది.

జిజ్ఞాసువు:

చాలా ఉపయోగపడింది. ఒక చిన్న అనుమానం. మూడు సెక్షన్లు, మూడు ప్లటూన్లు అని వచ్చి, బెటాలియన్ దగ్గరకు రాగానే నాలుగు కంపెనీలు ఎందుకయ్యాయి? బ్రిగేడ్‌కు మళ్ళీ మూడే బెటాలియన్లు కదా?

రిజర్వు కంపెనీ:

మూడు అన్న అంకె వెనకున్న ఆలోచన సులభమైనదే. రెండు దళాలు ముందు, ఒకటి రిజర్వులో. ముందున్నవాటిలో ఒకటి ఇరుక్కుంటే రిజర్వు ఆదుకుంటుంది. ఒకటి దారి చేసుకుంటే రిజర్వు ఆ దారిన చొచ్చుకుపోతుంది. రిజర్వు లేని కమాండర్‌కు మొదటి ఆజ్ఞ ఇచ్చాక ఇక చేయడానికి ఏమీ మిగలదు. బెటాలియన్ దగ్గర నాలుగో కంపెనీ ఉంటే రక్షణలో అన్ని దిక్కులకూ ముఖం పెట్టి నిలవవచ్చు. దాడిలో అయితే ఒక కంపెనీ బాగా దెబ్బతిన్నా దాన్ని వెనక్కి తీసుకుని మళ్ళీ మూడింటితో సాగవచ్చు. బ్రిటిష్ బెటాలియన్ మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు ఎనిమిది చిన్న కంపెనీల నుంచి నాలుగు పెద్ద కంపెనీలకు మారింది. భారత సైన్యంలోని నాలుగు కంపెనీలు ఆ వారసత్వమే.

వ్యూహరేఖ:

ఈ అంకెల మీద పెద్ద ప్రయోగాలే జరిగాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికన్ డివిజన్ రెండు బ్రిగేడ్లు, నాలుగు రెజిమెంట్లతో సుమారు 28 వేల మందితో ఉండేది. కందకాల ముందు ఎంత నష్టం జరిగినా ముందుకు తోస్తూ ఉండగలగాలన్నది ఆనాటి ఆలోచన. దెబ్బ తట్టుకునేది గానీ దాన్ని కదిలించడమే గగనమయ్యేది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి మధ్యలోని బ్రిగేడ్ మెట్టు తీసేసి మూడు రెజిమెంట్ల డివిజన్‌కు వచ్చేశారు, బలం సగానికి దగ్గరగా తగ్గింది.

1957 ప్రాంతంలో మరీ సాహసం చేశారు. అణ్వాయుధాలు పడే రణరంగంలో దళాలు చెల్లాచెదురుగా ఉండాలన్న ఆలోచనతో బెటాలియన్, రెజిమెంట్ రెండు మెట్లనూ తీసేసి డివిజన్ కింద నేరుగా ఐదు బ్యాటిల్ గ్రూపులు పెట్టారు. దీన్ని పెంటామిక్ డివిజన్ అన్నారు. ఒక కల్నల్ తన కంపెనీలన్నిటినీ మధ్యలో ఎవరూ లేకుండా తానే నడపాలి, పైనున్న జనరల్ ఐదు గ్రూపులతో పాటు ట్యాంకులు, ఫిరంగులు, ఇంజనీర్లను కూడా చూసుకోవాలి. అది పొసగలేదు. 1960ల తొలి సంవత్సరాల్లోనే దాన్ని రద్దుచేసి బెటాలియన్లను, వాటిని నడిపే బ్రిగేడ్ ప్రధాన కేంద్రాలను తిరిగి తెచ్చారు. సెక్షన్ కమాండర్ గొంతుకున్న పరిమితే పైస్థాయిలో జనరల్‌కు కూడా ఉంటుందని నేను నమ్మడానికి ఈ ఉదాహరణే కారణం.

కవచ పదాతి:

ఇప్పటిదాకా చర్చ అంతా కాలినడకన వెళ్ళే పదాతి చుట్టూనే తిరిగింది. యాంత్రిక పదాతిలోకి వస్తే సెక్షన్ పరిమాణాన్ని నిర్ణయించేది కమాండర్ గొంతు కాదు, వాహనంలోని సీట్లు.

ముందు తేడాలు. లారీల్లో వచ్చి, శత్రువుకు దూరంగా దిగి, నడిచి పోరాడేది మోటారు పదాతి. తూటాలను, ఫిరంగి గుండ్ల ముక్కలను ఆపగల కవచ వాహనంలో వచ్చి దిగి పోరాడేది మరో రకం; 1960ల నుంచి వాడుకలో ఉన్న అమెరికన్ ఎం113 ఇందుకు ఉదాహరణ. దానిలో ఇద్దరు సిబ్బంది, 11 మంది పదాతి పట్టేవారు. మూడోది అసలైన పోరాట వాహనం. సొంత ఫిరంగి, క్షిపణులతో ట్యాంకుల పక్కనే ఉండి పోరాడేది. 1967 నవంబరులో మాస్కో కవాతులో ప్రపంచానికి కనిపించిన సోవియట్ బీఎంపీ-1తో ఈ ఒరవడి స్థిరపడింది.

ఆ బీఎంపీ లోపలికి ఒకసారి తొంగిచూడండి. వెనక భాగంలో ఎనిమిది మంది నలుగురేసి చొప్పున వీపు వీపు ఆనించి, గోడల్లోని కాల్పుల రంధ్రాల వైపు ముఖం పెట్టి కూర్చుంటారు. పైకప్పు ఎంత తక్కువంటే నడుము నిటారుగా పెట్టడం కష్టం. వారు దిగవలసిన వెనక తలుపుల్లోనే ఇంధనం ట్యాంకులుంటాయి. గంటల తరబడి అలా కుదుపుల్లో వచ్చి, తలుపు తీయగానే బయటికి దూకి, ఏ దిక్కున శత్రువు ఉన్నాడో ఒక్క చూపులో తెలుసుకుని పోరాడాలి. బీఎంపీ-2లో ఇద్దరు మనుషుల పెద్ద టరెట్ (తిరిగే ఫిరంగి గోపురం) పెట్టేసరికి పదాతిలో ఏడుగురికే చోటు దక్కింది. అంటే మెరుగైన ఫిరంగి కోసం ప్రతి వాహనం నుంచి ఒక జవానును వదులుకున్నారు.

అమెరికన్ బ్రాడ్లీది ఇంకా పెద్ద చిక్కు. 1981లో సేవలోకి వచ్చినప్పుడు దాని వెనక భాగంలో ఆరుగురికి, తర్వాతి మార్పులతో ఏడుగురికి చోటుంది. స్క్వాడ్ ఏమో 9 మంది. ప్లటూన్‌కు నాలుగు బ్రాడ్లీలు, వాటిలో ఎక్కవలసినవి మూడు స్క్వాడ్లు. అందుకని స్క్వాడ్లను విడగొట్టి వేర్వేరు వాహనాల్లో ఎక్కిస్తారు. కాల్పుల మధ్య దిగాక ముందుగా తమ నాయకుడు ఏ వాహనంలోంచి దిగాడో వెతుక్కోవాలి. తర్వాత వచ్చిన ఎనిమిది చక్రాల స్ట్రైకర్‌లో పూర్తి స్క్వాడ్ 9 మందికీ చోటివ్వడం యాదృచ్ఛికం కాదు.

భారత సైన్యంలో జనరల్ సుందర్‌జీ చొరవతో 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీ రెజిమెంట్ ఏర్పడింది. వేర్వేరు పాత రెజిమెంట్ల బెటాలియన్లను తీసుకుని దానిలో చేర్చారు. మైదానాల్లో, ఎడారుల్లో ట్యాంకుల వెంట అదే వేగంతో వెళ్ళగల పదాతి లేకపోతే ట్యాంకులు ఒంటరిగా చిక్కుతాయి. ఆ అవసరాన్ని తీర్చే దళం ఇంకొకటి లేదన్నది నా నిశ్చితాభిప్రాయం.

కాలిబాట:

కవచ పదాతి గారి వివరణలోనే నా అభ్యంతరం ఉంది. వాహనం దిగాక నేల మీద ఎందరు మిగులుతారన్న లెక్క వేసి చూడండి. బీఎంపీ-2 ప్లటూన్‌కు మూడు వాహనాలనుకుంటే దిగేవారు 21 మంది. కాలినడక ప్లటూన్‌లో 30 మందికి పైన నేల మీదే ఉంటారు. ఊళ్ళలో ప్రతి ఇంటినీ, ప్రతి మెట్ల వరుసనూ, ప్రతి నేలమాళిగనూ పట్టుకుని నిలబెట్టుకోవాలంటే మనుషులే కావాలి. అడవుల్లో, కొండల్లో వాహనం వెళ్ళలేదు. ఇంధనం లారీలు వెనకబడితే యాంత్రిక పదాతి ఆగిపోతుంది.

1982లో ఫాక్‌లాండ్ దీవుల్లో అర్జెంటీనాతో పోరాడిన బ్రిటిష్ దళాలకు ఏమైందో చూడండి. మే 25న ఎక్సోసెట్ క్షిపణులు అట్లాంటిక్ కన్వేయర్ నౌకను దెబ్బతీయడంతో అందులోని మూడు చినూక్ హెలికాప్టర్లు పోయాయి. దళాలను హెలికాప్టర్లలో ముందుకు చేర్చాలన్న పథకం దానితోనే పోయింది. 45 కమాండో అనే మెరైన్ దళం, 3 పారా అనే పారాచూట్ బెటాలియన్ బురదనేలల మీదుగా, ఒక్కొక్కరు 36 కిలోలకు పైగా బరువు మోస్తూ, కాలినడకన దీవిని దాటారు. నడవడానికి శిక్షణ పొందిన పదాతి కాకపోతే ఆ యుద్ధం అక్కడే ఆగిపోయేది.

కవచ పదాతి:

కాలిబాట గారూ, ఆ లెక్కలో ఒకటి వదిలేశారు. వాహనంలో మిగిలిన ముగ్గురు ఊరికే కూర్చోరు, 30 మి.మీ. ఫిరంగితో, ట్యాంకు విధ్వంసక క్షిపణితో దిగినవారికి అండగా ఉంటారు. 21 మందీ వారి వెనకున్న మూడు ఫిరంగులూ కలిస్తే, ఎల్‌ఎంజీలు మాత్రమే ఉన్న 30 మంది కంటే బహిరంగ ప్రదేశంలో చాలా బలమైన దళం. ఊళ్ళ విషయంలో మాత్రం మీ మాటతో ఏకీభవిస్తాను.

వ్యూహరేఖ:

ఇద్దరి వాదనల్లోంచి నాకు కనిపించే సూత్రం ఇది. పదాతి రకం అన్నది ఆ దళం రణరంగానికి ఎలా చేరుకుంటుందో చెబుతుంది. నిర్మాణం మాత్రం చేరాక ఎంతసేపు నిలవగలదో చెబుతుంది. పారాచూట్ దళాల చరిత్రంతా ఈ రెండింటి మధ్య పెనుగులాటే.

1944 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ వద్ద రైన్ నది వంతెన కోసం బ్రిటిష్ ఒకటో ఎయిర్‌బోర్న్ డివిజన్ సుమారు 10 వేల మందితో దిగింది. భూమార్గాన వస్తున్న 30వ కోర్ వారిని చేరుకోలేకపోయింది. వంతెన ఉత్తరపు కొసను పట్టుకున్న బెటాలియన్ తేలికపాటి ఆయుధాలతో జర్మన్ కవచ దళాలకు ఎదురొడ్డి నాలుగు రోజుల పాటు పోరాడి తుడిచిపెట్టుకుపోయింది. డివిజన్‌లో నది దాటి వెనక్కి రాగలిగినవారు నాలుగో వంతు లోపే. దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ నేటి బంగ్లాదేశ్‌లోని టంగాయిల్. 1971 డిసెంబరు 11న భారత 2 పారా బెటాలియన్ పూంగ్లీ వంతెన దగ్గర దిగి పాకిస్తానీ దళాల వెనుదారి మూసింది, ఉత్తరం నుంచి వస్తున్న 1 మరాఠా లైట్ ఇన్‌ఫంట్రీ బెటాలియన్ త్వరలోనే వారిని కలుసుకుంది. దిగిన జవాన్ల ధైర్యంలో రెండుచోట్లా లోటు లేదు. ఆర్నెమ్‌లో అందనిదీ టంగాయిల్‌లో సమయానికి అందినదీ భూమార్గపు దళమే.

ఈ బలహీనత తెలిసే రష్యన్లు తమ పారాచూట్ దళానికి విమానం నుంచి జారవిడవగల బీఎండీ కవచ వాహనాలు ఇచ్చారు. కవచం పల్చన, విమానాల అవసరం ఎక్కువ. అదీ పూర్తి పరిష్కారం కాదు.

హిమరేఖ:

వ్యూహరేఖ గారి సూత్రం పర్వత పదాతి దగ్గర వర్తించదని మనవి చేస్తున్నాను. ఇక్కడ చేరుకోవడం కన్నా బతికి ఉండటమే మొదటి పని. ఇటలీ 1872లోనే ఆల్పినీ దళాలను ఇందుకోసమే ప్రత్యేకంగా నెలకొల్పింది.

భారత సైన్యం పాటించే పద్ధతి చూడండి. 9 వేల అడుగులు దాటి వెళ్ళే సైనికుడు మొదటి దశలో ఆరు రోజులు, 12 వేల అడుగులు దాటాక నాలుగు రోజులు, 15 వేల అడుగులు దాటాక మరో నాలుగు రోజులు ఆ ఎత్తుకు అలవాటు పడాలి. మొదటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత మెల్లగా నడక, ఆ తర్వాతే ఎక్కడం, బరువు మోయడం. తొందరపడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి తూటా తగలకుండానే ప్రాణం పోతుంది. అంటే హెలికాప్టర్‌లో గంటలో దింపగల బెటాలియన్ కూడా రెండు వారాల దాకా పోరాటానికి పనికిరాదు. కాబట్టి పర్వత రంగంలో రిజర్వు దళం కింద మైదానంలో ఉంటే అది రిజర్వు కాదు, పైనే, ఆ ఎత్తుకు అలవాటుపడి ఉండాలి.

నిర్మాణం మీద దీని ప్రభావం నేరుగా పడుతుంది. గాయపడిన ఒక్క జవానును కొండ దారిలో స్ట్రెచర్ మీద కిందికి దించడానికి నలుగురు మోయాలి, వారికి దారిలో మార్పు ఇచ్చేందుకు మరో నలుగురు కావాలి. ముగ్గురు గాయపడితే దాదాపు ప్లటూన్ అంతా మోతలోనే గడుస్తుంది. తూటాలు, మోర్టారు గుండ్లు, కిరోసిన్, నీళ్ళు సమస్తం కంచర గాడిదల మీదో మనుషుల వీపుల మీదో పైకి ఎక్కాలి. వాహనాలు తక్కువ, మోసేవాళ్ళు ఎక్కువ ఉన్న బెటాలియన్ కావాలి. ఈ దళాలను కేవలం తేలికపాటి పదాతి అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

వ్యూహరేఖ:

మీ మాట న్యాయమే. చేరుకోవడం, నిలవడం అనేవాటికి ముందు బతకడం అనే షరతును చేర్చుకోవాలి.

రిజర్వు కంపెనీ:

చేయవలసిన పని నిర్మాణాన్ని ఎలా మారుస్తుందో చెప్పడానికి రాష్ట్రీయ రైఫిల్స్ ఇంకో మంచి ఉదాహరణ. తీవ్రవాద వ్యతిరేక పోరాటం కోసం 1990లో ఏర్పడిన ఈ దళంలో సుమారు సగం మంది పదాతి నుంచి, మిగతావారు ఇతర విభాగాల నుంచి వస్తారు. బెటాలియన్‌కు ఆరు రైఫిల్ కంపెనీలు. ఎదురుగా ట్యాంకులు, ఫిరంగులు లేవు కాబట్టి భారీ ఆయుధాల అవసరం తక్కువ. ప్రతి లోయలో, ప్రతి దారిలో గస్తీ తిరిగే మనుషుల అవసరం ఎక్కువ. అందుకే సపోర్ట్ ఆయుధాలు తగ్గి, కంపెనీలు పెరిగాయి.

జిజ్ఞాసువు:

అందరికీ కృతజ్ఞతలు. నా మూడో ప్రశ్న మిగిలిపోయింది. సొంతంగా యుద్ధం నడపగల స్థాయి ఏది? అలాగే భారత సైన్యంలో సిక్కు రెజిమెంట్, మద్రాస్ రెజిమెంట్ అంటాం కదా, ఆ మెట్టు ఈ వరుసలో ఎక్కడ వస్తుంది?

వ్యూహరేఖ:

రెండోది ముందు చెబుతాను. బ్రిటిష్, భారత సంప్రదాయంలో రెజిమెంట్ యుద్ధరంగంలో ఒక్కటిగా దిగే దళం కాదు. అది బెటాలియన్లను పెంచే కుటుంబం. భర్తీ, శిక్షణ కేంద్రం, పతాకాలు, యుద్ధ గౌరవాలు దానివి. ఒకే రెజిమెంట్‌కు చెందిన బెటాలియన్లు వేర్వేరు బ్రిగేడ్లలో, దేశంలో వేర్వేరు మూలల్లో పనిచేస్తూ ఉంటాయి. రష్యన్ సైన్యంలోనూ అమెరికన్ మెరైన్లలోనూ మాత్రం రెజిమెంట్ అంటే రణరంగంలో కొన్ని బెటాలియన్లను కలిపి నడిపే నిజమైన స్థాయి.

ఇక మొదటిది. బెటాలియన్‌కు మోర్టార్లున్నా ఫిరంగిదళం లేదు. మందుపాతరలు తొలగించే, వంతెనలు వేసే ఇంజనీర్లు లేరు. గగనతల రక్షణ లేదు. ఇవన్నీ కలిసేది సాధారణంగా బ్రిగేడ్ దగ్గర. భారత, బ్రిటిష్ పద్ధతిలో అవి డివిజన్ చేతిలో ఉండి అవసరాన్ని బట్టి బ్రిగేడ్‌కు జత అవుతూ వచ్చాయి. అమెరికన్లు 2003 తర్వాత ఫిరంగులు, ఇంజనీర్లు, సరఫరా దళాలను శాశ్వతంగా బ్రిగేడ్‌లోనే కలిపేసి బ్రిగేడ్ కంబాట్ టీమ్‌లను ఏర్పరిచారు. పదాతి, స్ట్రైకర్, కవచ అని మూడు రకాలుగా, ఒక్కొక్కటి కొన్ని వేల మందితో ఉండేవి. మొదట పదాతి, కవచ టీములకు రెండేసి పోరాట బెటాలియన్లతో సరిపెట్టారు. రెండు బెటాలియన్లతో ముందు నిలబడితే రిజర్వు మిగలదని తెలిసివచ్చాక, 2013లో మూడో బెటాలియన్ చేరుస్తామని ప్రకటించారు. రిజర్వు కంపెనీ గారు చెప్పిన మూడు అన్న అంకె మళ్ళీ గెలిచింది.

రష్యన్లు ఇంకా కిందికి, బెటాలియన్ స్థాయికే, ట్యాంకులనూ ఫిరంగులనూ దించి బెటాలియన్ టాక్టికల్ గ్రూపులు కట్టారు. 2022లో ఉక్రెయిన్‌లో అవి విఫలమైన తీరు గమనించదగినది. ఫిరంగులున్నాయి, ట్యాంకులున్నాయి, వాటి చుట్టూ నడిచే పదాతి చాలలేదు. అన్ని ఆయుధాలూ కలిపినంత మాత్రాన దళం సంపూర్ణం కాదు. వాటిని కాచే రైఫిల్ కంపెనీలు ముందు నిండాలి.

భారత సైన్యం 2025 జులై 26న ద్రాస్‌లో ప్రకటించిన రుద్ర బ్రిగేడ్లు కూడా పదాతి, యాంత్రిక పదాతి, ట్యాంకులు, ఫిరంగులు, డ్రోన్లను ఒకే బ్రిగేడ్‌లో కలిపే ప్రయత్నమే.

కాలిబాట:

అదే ప్రకటనలో పదాతి బెటాలియన్లకు డ్రోన్ ప్లటూన్లు కూడా ఇస్తున్నట్టు చెప్పారు. ఉక్రెయిన్ 2024లో మానవరహిత వ్యవస్థల కోసం ప్రత్యేక దళాన్నే నెలకొల్పింది. నాకున్న సందేహం ఏమిటంటే, ఈ డ్రోన్లు నడిపేవారు ఎక్కడి నుంచి వస్తారు? రైఫిల్ సెక్షన్ల నుంచి మనుషులను తీసి కొత్త ప్లటూన్ నింపితే, కాగితం మీది 10 మంది సెక్షన్ నిజానికి ఏడుగురు అవుతుంది.

రిజర్వు కంపెనీ:

అసలు ప్రమాదం అక్కడే ఉంది. సిగ్నల్స్ మనుషులు, క్షిపణి మనుషులు, డ్రైవర్లు అంటూ ప్రతి కొత్త సాధనమూ తొలి విడతలో సెక్షన్ల నుంచే మనుషులను లాక్కుంది. డ్రోన్ ప్లటూన్‌ను సపోర్ట్ కంపెనీలో, మోర్టారు ప్లటూన్ పక్కనే ఉంచాలన్నది నా అభిప్రాయం. డ్రోన్ చూసిన లక్ష్యం మీద మొదట పడవలసినవి మోర్టారు గుండ్లే గనుక చూసేవాళ్ళూ కాల్చేవాళ్ళూ ఒకే కంపెనీ కమాండర్ కింద ఉండటం మంచిది. గస్తీకి వెళ్ళే కంపెనీకి ఇద్దరు ముగ్గురిని అప్పగించి, పని ముగిశాక వెనక్కి తీసుకోవచ్చు. దీనికి కావలసిన సిబ్బందిని బెటాలియన్ మంజూరు బలంలో అదనంగా చేర్చాలి.

హిమరేఖ:

పర్వత రంగంలో ఆ ఇద్దరు ముగ్గురు కూడా ముందే పై ఎత్తుకు అలవాటుపడి ఉండాలి. డ్రోన్ బ్యాటరీలు విపరీతమైన చలికి త్వరగా నీరసిస్తాయి, పల్చటి గాలిలో రెక్కలు ఎక్కువ శక్తి తింటాయి. కాబట్టి ప్రతి డ్రోన్‌కు అదనపు బ్యాటరీలు మోసే మనిషిని కూడా లెక్కలో వేసుకోవాలి. మైదానపు బెటాలియన్‌కు మంజూరు చేసిన సంఖ్యనే పర్వత బెటాలియన్‌కూ ఇస్తే, బరువులు మోసే భారం మళ్ళీ రైఫిల్ సెక్షన్ల మీదే పడుతుంది.